వాట్ పుట్టకముందే గనిలో నీళ్ళు తోడిన యంత్రం: 1700ల మొదట్లో యూరప్‌లో అసలేం జరిగింది?

బడిగంట · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. వచ్చే బుధవారం తొమ్మిదో తరగతికి పారిశ్రామిక విప్లవం మొదలుపెట్టాలి. ప్రతి ఏడూ అదే పాట. చిన్న జేమ్స్ వాట్, పొయ్యి మీద కెటిల్, ఎగిరే మూత, అంతే, ఆవిరి యంత్రం పుట్టేసింది. ఈసారి నాకే విసుగొచ్చి కాస్త ముందునుంచి చదువుదామని కూర్చున్నా. తీరా చూస్తే 1712లోనే ఇంగ్లండ్‌లో ఒక బొగ్గు గనిలో ఆవిరితో నీళ్ళు తోడారట! వాట్ పుట్టింది 1736లో. మరి ఇన్నేళ్ళూ నేను పిల్లలకి చెప్పిందేమిటి?

తెలిసినవాళ్ళు చెప్పండి. 1700 నుంచి 1735 దాకా యూరప్‌లో ఇలాంటివి ఇంకేం జరిగాయి? నాకు దొరికేది ఒక్క పీరియడ్, 40 నిమిషాలు. చేత్తో చేసి చూపించగలిగేది ఏదన్నా ఉంటే మరీ మంచిది. మా ల్యాబులో ఒక గ్లోబు, రెండు విరిగిన గాజు గొట్టాలు తప్ప ఏమీ లేవని ముందే మనవి.

లెక్కలపంతులు · శుక్రవారం రాత్రి 9:40

టీచర్ గారూ, మీరు చదివింది నిజమే. ఆయన తామస్ న్యూకమెన్. ఇంగ్లండ్ నైరుతి మూల డార్ట్‌మత్ అనే రేవు ఊళ్ళో ఇనుప సామాన్ల వ్యాపారి. పనిలో తోడు జాన్ కాలీ. 1712లో డడ్లీ కోట దగ్గర బొగ్గు గని మీద వీళ్ళు నిలబెట్టిన యంత్రమే, పనిచేసినట్టు గట్టి ఆధారం ఉన్న మొదటిది. 1719లో అచ్చయిన ఒక బొమ్మ పుణ్యమా అని కొలతలు కూడా దక్కాయి. ఇత్తడి సిలిండర్ అడ్డకొలత 21 అంగుళాలు, పొడవు 7 అడుగుల 10 అంగుళాలు. నిమిషానికి 12 ఊపులు. ఊపుకి 10 గాలన్ల నీళ్ళు, 153 అడుగుల లోతు నుంచి.

లెక్కేసి చూడండి, సుమారు 5.5 హార్స్‌పవర్ వస్తుంది. అంటే ఇవాళ మనం పొలంలో బోరుకి దించే మోటారంత. దానికోసం మేడంత కట్టడం కట్టాల్సి వచ్చింది. (హార్స్‌పవర్ అనే కొలత వాళ్ళకి లేదు. అది వాట్ కాలంలో వచ్చింది.)

వాట్ విషయానికొస్తే, 1763–64లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పాడైన నమూనా యంత్రం ఒకటి బాగుచేయమని ఆయనకిచ్చారు. ఆ నమూనా న్యూకమెన్ యంత్రానిదే! అంటే మన కెటిల్ కుర్రాడు చేసింది మరమ్మతుతో మొదలైంది. దాన్ని ఎంత మెరుగుపరిచాడన్నది వేరే సంగతి, అది చిన్న పని కాదు.

గనిపంపు · శుక్రవారం రాత్రి 10:25

టీచరమ్మా, నేను బొగ్గుబాయిల పంపుల దగ్గర 31 ఏండ్లు చేసి రిటైరైన. ఈ ముచ్చటొస్తే నాకు నిద్ర పట్టదు, జర పెద్దగ రాస్త, ఏమనుకోకుండ్రి.

అందరు తప్పు చెప్పేది ఒక్కకాడనే. న్యూకమెన్ యంత్రంల ఆవిరి తోసుడు లేదు. పని చేసింది గాలి.

మీరు ఏతం చూసిన్రా? పొడుగు దూలం, ఒక దిక్కు బొక్కెన, దూలం మీద మనిషి అటు నడిస్తే మునుగుతది, ఇటు నడిస్తే లేస్తది. న్యూకమెన్ యంత్రం అచ్చం గదే. నడుమ ఇరుసు మీద పెద్ద దూలం. ఒక కొసకు గనిలకు దిగే పంపు కడ్డీలు, ఇంకో కొసకు గొలుసుతోని ఏలాడే పిస్టన్, సిలిండర్ల పైకి కిందికి జరిగే బిరడా అనుకోండ్రి. పంపు కడ్డీలు బరువు కాబట్టి ఆ కొస ఊకె కిందికే ఉంటది, పిస్టన్ పైకి లేచి ఉంటది. కింద బాయిలర్ల నుంచి ఆవిరిని సిలిండర్ల నింపుతరు. గది మామూలు గాలికన్న ఇంత ఎక్కువ ఒత్తిడి, గంతే. అన్నం కుండ మీది ఆవిరనుకోండ్రి. ఆవిరి దారి మూసి లోపల చల్లనీళ్ళు చిమ్ముతరు. ఆవిరి నీళ్ళయితది. లీటరు నీళ్ళు మరిగితే 1,600 లీటర్ల పైన ఆవిరైతది కద, ఇప్పుడు ఉల్టా. సిలిండర్ నిండ ఉన్నది ఒక్క దెబ్బకు గుక్కెడు నీళ్ళైపోతది. లోపల ఖాళీ. పైన గాలి ఊకుంటదా? పిస్టన్‌ను కిందికి తొక్కుతది. ఇవతల పిస్టన్ దిగితే అవతల పంపు కడ్డీలు లేస్తయి, నీళ్ళొస్తయి.

21 అంగుళాల పిస్టన్ మీద గాలి బరువు, ఖాళీ పూర్తిగ కుదిరితే, 2,300 కిలోల దాక. అండ్ల సగం దక్కినా చాలు. ఏతం మీది మనిషిని దించి న్యూకమెన్ గాలిని ఎక్కించిండు. ఇదొక్క మాట పిల్లలకు ఎక్కితే మీ పీరియడ్ పాసైనట్టే.

చిత్తుప్రతి · శుక్రవారం రాత్రి 10:51

గనిపంపు అన్నా, ఏతం పోలిక అదిరింది. ఒక సందేహం. ఆవిరిని గట్టిగా పట్టి దాంతోనే తోయించొచ్చు కదా? తర్వాత రైలింజన్లు చేసిందదే. ఇంత తిప్పలెందుకు, ముందు నింపడం, మళ్ళీ చల్లార్చడం?

లెక్కలపంతులు · శుక్రవారం రాత్రి 11:05

అలా తోయించబోయి దెబ్బతిన్నాయన ఉన్నాడు. తామస్ సేవరీ. 1698లో పేటెంటు తీసుకున్నాడు, "నిప్పుతో నీళ్ళు పైకెత్తే" సాధనానికి. అందులో పిస్టనూ లేదు, దూలమూ లేదు. ఒక పాత్రలో ఆవిరి నింపి చల్లారిస్తే ఆ ఖాళీలోకి కింద నుంచి నీళ్ళు ఎక్కుతాయి. తర్వాత గట్టి ఆవిరి పంపి ఆ నీళ్ళను ఇంకా పైకి తోస్తారు. చిక్కు రెండు వైపులా ఉంది. ఖాళీతో నీళ్ళను లాగగలిగేది మహా అయితే 30 అడుగులు, కాబట్టి యంత్రాన్ని గని లోపల, నీటికి దగ్గరగా దించాలి. ఇక పైకి తోయడానికి ఒత్తిడి పెంచితే అతుకులు ఊడేవి. టంకం కరిగిపోయేది. అప్పటి బాయిలర్లు ఆ ఒత్తిడికి ఆగవు. పెద్ద ఇళ్ళ తోటలకి నీళ్ళెక్కించడానికి పనికొచ్చింది కాని గని వాళ్ళకి అచ్చిరాలేదు.

ఇంకొకాయన డెనిస్ పపాన్, ఫ్రెంచివాడు. సొంత దేశంలో ప్రొటెస్టెంట్లకి చోటు లేక బతుకంతా లండన్, జర్మనీ మధ్య తిరిగాడు. మన వంటింట్లో కుక్కర్ ఉంది చూశారూ, దాని ముత్తాతను 1679లో చేసింది ఈయనే. అది పేలకుండా బరువు పెట్టిన మూత కూడా ఆయన బుర్రలోదే. 1690లో చిన్న గొట్టంలో పిస్టన్ పెట్టి, అడుగున నీళ్ళు కాచి, చల్లార్చి, గాలి బరువుతో పిస్టన్ దిగడం చేసి చూపించాడు. అంటే న్యూకమెన్ కీలకం అప్పుడే కాగితం మీద ఉంది. కాని పపాన్ దాన్ని గని మీద నిలబెట్టలేకపోయాడు. 1713 ప్రాంతంలో లండన్‌లో పేదరికంలో పోయాడు.

రాగిచెంబు · శనివారం తెల్లవారుజాము 3:18

నాకు ఇప్పుడు రాత్రి, మీకు తెల్లవారుజాము. బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటున్నా. డడ్లీలో ఉన్న బ్లాక్ కంట్రీ లివింగ్ మ్యూజియంలో ఆ 1712 యంత్రానికి నిలువెత్తు నకలు ఉంది, 1986లో కట్టారు. మా నాన్నగారు వచ్చినప్పుడు తీసుకెళ్ళా. ఆ రోజు ఆవిరి మీద నడిపారు.

నేననుకున్నది రైలింజన్ లాంటి గోల. అలా లేదు. ఇటుకల కట్టడం, గోడ మీద నుంచి బయటికి పొడుచుకొచ్చిన పెద్ద చెక్క దూలం. అది ఒకసారి వంగి, ఆగి, ఏదో ఆలోచించుకున్నట్టుండి మళ్ళీ లేస్తుంది. లోపల బుస్సుమని ఆవిరి, చిమ్మిన నీళ్ళ చప్పుడు, ఎక్కడ చూసినా తడి. పిస్టన్ చుట్టూ సందు లేకుండా తోలు పెట్టి, దాని మీద నీళ్ళు నిలబెడతారు, గాలి దూరకుండా. ఆ నీళ్ళు కారుతూనే ఉంటాయి. ఆ సిలిండర్లను నున్నగా గుండ్రంగా తొలిచే పనిముట్లు అప్పటికి లేవు కదా, తోలూ నీళ్ళే దిక్కు.

నాన్నగారు చాలాసేపు చూసి అన్నమాట: "ఏతాం తొక్కే సూరిగాడు ఊపిరి తీసుకున్నట్టు ఉందే." గనిపంపు గారి పోస్టు చదవగానే అదే గుర్తొచ్చింది.

గనిపంపు · శనివారం ఉదయం 6:40

అమ్మా, మీ నాయినకు దండాలు చెప్పు. సరిగ్గ పట్టిండు.

ఇంకొకటి. ఆ యంత్రం బొగ్గు మింగుడు మామూలుగ ఉండకపోతుండె. ప్రతి ఊపుకు సిలిండర్‌ను చల్లార్చుడు, మళ్ళ వేడి చేసుడు. వంద వంతుల వేడిల ఒక్క వంతు సుత పనికి రాకపోతుండె. మరి ఎట్ల నడిచింది? బొగ్గుబాయి నోటికాడ ఎవలు కొనని చూర బొగ్గు కుప్పలు పడి ఉంటది. దానికి ధర ఏంది? గదే మంట పెట్టిన్రు. కార్న్‌వాల్ తగరం గనులల్ల నీళ్ళ బాధ ఇంకా ఎక్కువ, కాని ఆడ బొగ్గు దొరకది, ఓడల మీద తేవాలె. అందుకే ఈ యంత్రం బొగ్గు ఉన్నకాడనే గబగబ పెరిగింది.

గని మనిషికి నీళ్ళంటే ఏందో బయటోళ్ళకు తెల్వది. బొగ్గు తవ్వుడు ఆపొచ్చు, నీళ్ళు ఊరుడు ఆగదు. పండుగ నాడు సుత పంపు నడవాలె. ఆ రోజులల్ల గుర్రాలను గానుగ తిప్పినట్టు తిప్పి తోడిచ్చేటోళ్ళు. లోతు పెరిగితే గుర్రాలు చాలవు. ఇంత బొగ్గు కిందుంటది, మీద నీళ్ళుంటయి, యజమాని ఒడ్డున కూసొని ఏడుస్తడు. న్యూకమెన్ యంత్రం ఆ ఏడుపుకు పుట్టింది. ఏ శాస్త్రజ్ఞుడి పుస్తకానికో కాదు.

లెక్కలపంతులు · శనివారం ఉదయం 8:02

చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగుదాం. గాలికి బరువుందని 1643లో ఇటలీలో టారిసెల్లి పాదరసం గొట్టంతో తేల్చాడు. 1650లలో మాగ్డెబర్గ్ నగర మేయరు గెరికె రెండు రాగి గిన్నెలు మూతి మూతి కలిపి లోపలి గాలి తోడేస్తే గుర్రాలు లాగినా విడిపోలేదు. తర్వాత పపాన్. ఈ వరస లేకుండా ఒక ఇనుప కొట్టు యజమానికి "గాలి చేత పని చేయిద్దాం" అని ఎలా తోస్తుంది? న్యూకమెన్‌కి లండన్ శాస్త్రజ్ఞుల సంఘం రాయల్ సొసైటీలోని హుక్ ఉత్తరాలు రాశాడన్న కథ ఒకటి తర్వాత పుట్టింది, దానికి రుజువు దొరకలేదు, వదిలేయండి. కాని ఆ తెలివి అప్పటి గాలిలోనే ఉంది.

డెసాగులియె అని న్యూటన్ శిష్యకోటిలో ఒకాయన ఉన్నాడు. 1744లో ఈ యంత్రం గురించి వివరంగా రాశాడు. న్యూకమెన్, కాలీ ఇద్దరూ కారణాలు తెలుసుకునేంత తత్వవేత్తలూ కారు, బలాలు లెక్కగట్టేంత గణితజ్ఞులూ కారు, వెతుకుతున్నది అదృష్టం కొద్దీ దొరికింది అన్న ధోరణి ఆయనది.

గనిపంపు · శనివారం ఉదయం 8:20

గిదే నాకు మండేది! అదృష్టమట! పదేండ్లకు పైన చేతులు కాల్చుకుంటే అదృష్టమా?

ఆ చల్లనీళ్ళు లోపల చిమ్ముడు ఎట్ల దొరికిందో విను పంతులు. మార్టిన్ ట్రీవాల్డ్ అని స్వీడన్ మనిషి. న్యూకమెన్‌ను ఎరిగినోడు, న్యూకాసిల్ దిక్కు ఈ యంత్రాల మీదనే ఏండ్లకేండ్లు పనిచేసినోడు. 1734ల రాసిండు. మొదట్ల చల్లనీళ్ళను సిలిండర్ బయట తొడుగుల పోసేటోళ్ళు. మెల్లగ చల్లారేది, మెల్లగ దిగేది. ఒకనాడు సిలిండర్ గోడల తగరంతోని పూడ్చిన చిన్న బొక్క ఊడింది. తొడుగుల నీళ్ళు లోపలికి ఎగజిమ్మినయి. పిస్టన్ ఎంత జోరుగ పడ్డదంటే గొలుసు తెగింది, కింద బాయిలర్ మూత సుత నలిగింది.

అతుకు ఊడుడు ప్రమాదమే, ఒప్పుకుంట. గసొంటి ప్రమాదం నా సర్వీసుల వందసార్లు చూసిన. మస్తుమంది ఏం చేస్తరు? తిట్టుకుంట మళ్ళ టంకం పెడ్తరు. న్యూకమెన్ "ఆ బొక్కను కావాలనే పెడ్దాం" అన్నడు. ఆ మాట అననీకె నీ టారిసెల్లి చాలడు.

చిత్తుప్రతి · శనివారం ఉదయం 11:30

ఇద్దరూ కొట్టుకోకండి, నాకు మధ్యలో ఇంకోటి కనబడుతోంది. న్యూకమెన్ బాప్టిస్టు, ఆదివారాలు బోధకుడు కూడా. ఇనుము పోతపోసే అబ్రహాం డార్బీ క్వేకర్. ఇంగ్లండ్ చర్చికి లొంగని ఇలాంటి మతాల వాళ్ళకి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి డిగ్రీల దారి మూసే ఉంది. ప్రభుత్వ పదవులూ అంతే. అంటే తెలివైన కుర్రాడికి మిగిలింది వ్యాపారం, చేతిపని. డబ్బు కావాలన్నా, భాగస్వామి కావాలన్నా తమ సంఘం వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. సోషల్ టీచర్ గారికి ఇది పనికొస్తుందనుకుంటా.

డార్బీ సంగతి కాస్త చెప్తా. మొదట బర్మింగ్‌హామ్‌లో మాల్ట్ (బీరు కోసం మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) గింజలు విసిరే మిల్లులు చేసే చోట పని నేర్చుకున్నాడు. ఆ మాల్ట్ ఎండబెట్టడానికి కోక్, అంటే పొగ పోయేలా ముందే కాల్చిన రాతిబొగ్గు, వాడేవారు, మామూలు బొగ్గు పొగకి బీరు కంపు కొడుతుందని. తర్వాత బ్రిస్టల్‌లో ఇత్తడి పని. 1707లో ఇసుక అచ్చుల్లో ఇనుప వంటకుండలు పోతపోసే పద్ధతికి పేటెంటు. 1709లో సెవర్న్ నది పక్కన కోల్‌బ్రూక్‌డేల్‌లో ఒక పాత కొలిమి అద్దెకి తీసుకుని కట్టెబొగ్గు బదులు కోక్‌తో ఇనుము కరిగించాడు. అక్కడి బొగ్గులో గంధకం తక్కువ, అది కలిసొచ్చింది.

గమ్మత్తేమిటంటే ఆ ఇనుము కమ్మరికి నచ్చలేదు. సుత్తి కింద పెళుసు. పోతపని కుండలకి మాత్రం బ్రహ్మాండం. అందుకే 40 ఏళ్ళ దాకా మిగతా కొలిములు పెద్దగా పట్టించుకోలేదు. ఈలోగా 1720లలో కోల్‌బ్రూక్‌డేల్ వాళ్ళు న్యూకమెన్ యంత్రాలకి ఇనుప సిలిండర్లు పోయడం మొదలుపెట్టారు. ఇత్తడి ఖరీదుతో పోలిస్తే ఎంతో చవక. వంటకుండల కొలిమి గని యంత్రానికి సిలిండర్ ఇచ్చింది, గని యంత్రం కొలిమికి బొగ్గు ఇచ్చింది.

నల్లరేగడి · శనివారం మధ్యాహ్నం 2:15

నమస్తే అండి. నాకు యంత్రాల గురించి అంత తెలీదు, మాది పల్నాడు, సేద్యం. ఆ కాలంలోనే ఇంగ్లండ్‌లో జెత్రో టల్ అనేవాడు 1701లో విత్తనాలు వరసగా వేసే సాధనం కనిపెట్టాడని చదివాను. అది కనిపెట్టేదేంటండీ? మా తాతల ముత్తాతల నుంచీ గొర్రుతోనే కదా ఎదబెడతాం! జడ్డిగంలో గింజలు పోస్తే గొట్టాల్లోంచి చాళ్ళలో పడతాయి. వాళ్ళు మన దగ్గర చూసి కాపీ కొట్టారని నా అభిప్రాయం.

లెక్కలపంతులు · శనివారం మధ్యాహ్నం 3:00

సగం నిజం, సగం కాదు. గొర్రు మన దగ్గర ఎంతో పాతది. 1790లలో హాల్కాట్ అనే ఇంగ్లీషు సైన్యాధికారి దక్షిణ భారతంలో పొలం పక్కన గుర్రం మీద పోతూ గొర్రు చూసి నివ్వెరపోయాడు. విత్తే గొర్రు ఈమధ్య యూరప్‌లో పుట్టిన వస్తువని అప్పటిదాకా అనుకున్నానని తనే రాశాడు. అంటే టల్ తర్వాత 90 ఏళ్ళకి కూడా వాళ్ళకి మన గొర్రు తెలియదు. తెలియనిదాన్ని కాపీ ఎలా కొడతారు?

ఇంకో తేడా. మన గొర్రులో గింజ ఎంత పడాలన్నది జడ్డిగం దగ్గర వేళ్ళది. మీ ఇంట్లో ఎవరు ఎదబెట్టేవారో వాళ్ళ వేళ్ళకే ఆ లెక్క తెలుసు. టల్ ఆ వేళ్ళ పని చక్రానికి అప్పగించాడు. బండి కదిలితే చక్రం తిరుగుతుంది, చక్రం తిరిగితే గాడిలోంచి గింజ పడుతుంది. ఆ ఊహ చర్చిలో వాయించే ఆర్గన్ వాద్యం లోపలి అమరిక నుంచి వచ్చిందని చెప్పుకున్నాడు. అయినా అక్కడి రైతులు చాలాకాలం దాన్ని ముట్టుకోలేదు.

నల్లరేగడి · శనివారం మధ్యాహ్నం 3:22

ఎదబెట్టేది మా నాయనమ్మ అండి. ఆమె వేళ్ళ లెక్క ఏ చక్రానికీ రాదు. సరే, కాపీ మాట వెనక్కి తీసుకుంటున్నా.

చిరివేరు · శనివారం సాయంత్రం 5:48

కాపీ అంటే బట్టల సంగతి చెప్పాలి మరి. అక్కడ దాచేదేమీ లేదు, వాళ్ళే రాసుకున్నారు.

మచిలీపట్నం తీరం నుంచి వెళ్ళిన అద్దకం బట్టలంటే యూరప్ వెర్రెత్తిపోయేది. ఎంతంటే తమ నేతగాళ్ళు మునిగిపోతున్నారని ఫ్రాన్స్ 1686లోనే నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో చట్టం చేసి రంగుల నూలుబట్టల దిగుమతి ఆపింది, అది చాలక 1721లో అచ్చు వేసిన నూలుబట్ట కట్టుకోవడమే నేరం చేసింది. ఉతికినా రంగు పోదు, అదీ వాళ్ళకి అంతుపట్టనిది. 1742లో పుదుచ్చేరి నుంచి కూర్దూ అనే ఫ్రెంచి పాదిరి, రంగులద్దేవాళ్ళలో క్రైస్తవులైనవాళ్ళను అడిగి తెలుసుకుని పని మొత్తం ఉత్తరంలో రాసి పంపాడు. ముందు కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో బట్ట ముంచడం, ఆరబెట్టడం, తర్వాత పటిక, ఆపైన చిరివేరు అనే మొక్క వేరుతో ఎరుపు కాచడం. మా ఇంట్లో ఇప్పటికీ మొదటి మెట్టు అదే. పాల వాసన వీధి చివరిదాకా వస్తుంది.

అంటే యూరప్‌లో ఏదో పుడుతోంది అంటున్నామే, అందులో సగం కంగారు మన బట్ట వల్లే. దిగుమతి ఆపాక ఆ గిరాకీ తీర్చడానికి వాళ్ళే నూలు వడకాలి, నేయాలి, అద్దాలి. 1733లో జాన్ కే, మగ్గంలో అడ్డపోగు తీసుకెళ్ళే నాడె తాడు లాగితే దానంతటదే ఇటునుంచి అటు పరిగెత్తేలా చేశాడంటే ఊరికే చేశాడా?

చిత్తుప్రతి · శనివారం సాయంత్రం 6:10

కే ఉన్నివాళ్ళ కోసం చేశాడు కదండీ, వెడల్పు ఉన్నిబట్ట నేయడానికి ఇద్దరు మనుషులు అటూ ఇటూ ఉండాల్సిన అవసరం తప్పించడానికి. నూలుకి తర్వాత పాకింది. మిగతాదంతా ఒప్పుకుంటా.

చిరివేరు · శనివారం సాయంత్రం 6:14

అవును, అది నేను తొందరపడ్డా. నాడె దగ్గర ఉన్ని, నిజమే.

కాపలాదారు · శనివారం రాత్రి 8:30

నిర్వాహకుడిగా ఒక మాట. దారం బాగుంది కాని అన్ని వైపులా పోతోంది. సముద్రంలో రేఖాంశం బహుమతి గురించీ, మశూచి టీకాల గురించీ పోస్టులు వచ్చాయి, వాటికి వేరే దారాలు తెరిచాను. ఇక్కడ టీచర్ గారి 40 నిమిషాల మీదే ఉందాం.

రాగిచెంబు · శనివారం రాత్రి 11:47

చేత్తో చూపించేది అడిగారు కదా, ఒకటి ఇదిగో. పట్టు దారం, మామూలు దారం, గాజు గ్లాసు.

స్టీఫెన్ గ్రే అని కాంటర్‌బరీలో బట్టలకి రంగులేసే ఇంటివాడు. ముసలితనంలో లండన్‌లో చార్టర్‌హౌస్ అనే ధర్మసత్రంలో ఉండేవాడు. 1729లో, అరవై దాటాక, గాజు గొట్టాన్ని రుద్దితే పుట్టే ఆకర్షణ గొట్టం చివర బిగించిన బిరడాకీ పాకిందని గమనించాడు. బిరడాకి పుల్ల గుచ్చాడు, పుల్ల చివర దంతపు బంతి. అక్కడికీ పాకింది. జనపనార దారం కట్టి మేడమీంచి వేలాడదీశాడు. పాకింది. ఇక ఆగుతాడా? స్నేహితుడు వీలర్ ఇంట్లో దారాన్ని అడ్డంగా లాగడం మొదలుపెట్టారు. దారం నేలకి తగలకుండా పట్టు దారాలతో వేలాడదీశారు. వందల అడుగులు పోయింది. పట్టు దారం బరువుకి తెగితే, సన్నంగానే ఉండాలి కదా అని ఇత్తడి తీగ కట్టారు. అంతే, ఏమీ పోలేదు! దారం సన్నమా లావా కాదు, దేంతో చేసిందన్నది ముఖ్యమని అలా తెలిసింది. మళ్ళీ పట్టుకి వచ్చి 765 అడుగుల దాకా పంపారు. మన ఇళ్ళ కరెంటు తీగ మీది తొడుగు ఆ పట్టు దారానికి మనవడు.

రంగులేసేవాడు కాబట్టి దారాలు, పట్టు చేతికందే దూరంలో ఉన్నాయి. కాని ఆ తీగ పొరపాటుని పొరపాటుగా వదిలేయలేదు చూడండి. గనిపంపు గారి "బొక్కను కావాలనే పెడ్దాం" లాంటిదే. రాయల్ సొసైటీ కోప్లీ బహుమతి మొట్టమొదట 1731లో ఈయనకే ఇచ్చింది.

తెల్లకోటు · ఆదివారం ఉదయం 7:55

నర్సుగా నా వంతు చిన్నది. ఎండ 42 డిగ్రీలంటాం, జ్వరం మాత్రం 102 అంటాం. ఎందుకిలా రెండు భాషలు అని ఎప్పుడైనా ఆలోచించారా? జ్వరం భాష ఈ కాలానిదే. డానియల్ ఫారన్‌హైట్ డాన్‌జిగ్ ఊరివాడు. 1701లో విషపు పుట్టగొడుగులు తిని తల్లిదండ్రులిద్దరూ ఒకేసారి పోయారు. వ్యాపారం నేర్చుకోమని ఆమ్‌స్టర్‌డామ్ పంపిస్తే గాజు ఊదడం, కొలత సాధనాలు చేయడం మీద పడ్డాడు. 1714లో ఆయన చేసిన థర్మామీటర్లు రెండూ ఒకే లెక్క చూపించేవి. ఇప్పుడు ఇదేం గొప్ప అనిపిస్తుంది. అంతకుముందు ఒక ఊళ్ళో కొలిచిన వేడిని ఇంకో ఊళ్ళో నమ్మకంగా పోల్చుకోవడం కష్టం. 1724లో ఆయన అచ్చేసిన లెక్కలో నవసాగరం కలిపిన మంచు 0, మామూలు మంచునీళ్ళు 32, ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒళ్ళు 96. ఈ 96 తర్వాత సవరణల్లో 98.6 అయింది. నేను రోజూ రాసే చార్టు ఆయన పుణ్యమే.

బడిగంట · ఆదివారం ఉదయం 10:20

అమ్మో, ఒక్క పీరియడ్‌కి ఇది పెళ్ళి భోజనం! అందరికీ దండాలు. యంత్రం ఒక్కటే తీసుకుంటా, మిగతావి వచ్చే వారం. ఒక ప్రశ్న: ఇంత చేసిన న్యూకమెన్ పేరు మనకెందుకు తెలియదు? ధనవంతుడయ్యాడా?

లెక్కలపంతులు · ఆదివారం ఉదయం 10:48

సేవరీ పేటెంటు అడ్డొచ్చింది. 1699లో పార్లమెంటు దాన్ని ఇంకో 21 ఏళ్ళు పొడిగించింది, అంటే 1733 దాకా. "నిప్పుతో నీళ్ళెత్తడం" అన్న మాట ఎంత వెడల్పంటే న్యూకమెన్ యంత్రం పూర్తిగా వేరే అయినా అందులోకే వచ్చేసింది. సొంత పేటెంటు లేదు, సేవరీతో కలిసి నడవాల్సి వచ్చింది. 1715లో సేవరీ పోయాక ఒక వాటాదార్ల సంస్థ ఆ హక్కు కొనుక్కుని యంత్రానికింత అని వసూలు చేసింది. న్యూకమెన్ 1729లో లండన్‌లో పోయాడు. బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానంలో పాతిపెట్టారు, సమాధి ఎక్కడో గుర్తు లేదు. పేటెంటు గడువు తీరేసరికి అలాంటి యంత్రాలు వంద దాకా లేచాయి. ఇంగ్లండ్ బయట కూడా. ఇప్పటి స్లొవాకియాలో నోవా బాన్యా గనుల మీద 1722లోనే ఒకటి నడిచింది.

గనిపంపు గారూ, రాత్రంతా ఆలోచించా. అతుకు ఊడిన సంగతిలో మీదే పైచేయి. గాలి బరువు పుస్తకంలో ఉంది. దాన్ని 153 అడుగుల లోతుకి దించింది మాత్రం పుస్తకం కాదు.

గనిపంపు · ఆదివారం ఉదయం 11:15

పంతులు, నువ్వొప్పుకుంటె నేను సుత ఒకటి ఒప్పుకుంట. 31 ఏండ్లు పంపు నడిపిన, గాలి బరువు లెక్క నాకు ఒక ఇంజినీరు సారు బోర్డు మీద గీసి చెప్పెదాక తెల్వది. చెప్పినంక పంపు వేరే తీరుగ కనబడ్డది.

టీచరమ్మా, ప్రయోగం రాసుకో. 15 కిలోల నూనె డబ్బా, రేకుది, మూత గట్టిగ పట్టేది. లోపల రెండు గ్లాసుల నీళ్ళు. మూత తీసే పొయ్యి మీద పెట్టు. ఆవిరి నోట్లెంబడి ధారగ వచ్చేదాక ఐదు నిమిషాలు మరగనియ్యి, లోపలి గాలంత బయటికి పోవాలె. ముందుగాల పొయ్యి బంద్ చెయ్యి, ఆ తరువాతనే మూత బిగియ్యి. ఇది ఉల్టా చేస్తే డబ్బా పేల్తది, పిల్లలుంటరు, యాది మర్వకు. గుడ్డతోని పట్టి కిందికి దించి మీద చెంబెడు చల్లనీళ్ళు పొయ్యి. పిల్లలను పది అడుగుల దూరం నిలబెట్టు. ఇగ చూడు.

బడిగంట · బుధవారం సాయంత్రం 6:30

చేశాను! మూత బిగించి నీళ్ళు పోశాక ఒక క్షణం ఏమీ కాలేదు. పిల్లలు నావైపు జాలిగా చూస్తున్నారు. తర్వాత టక్కున ఒక మూల లోపలికి పోయింది, ఆ వెంటనే మొత్తం డబ్బా ఎవరో పిడికిట్లో నలిపినట్టు ముడుచుకుపోయింది. తరగతి అరిచిన అరుపుకి పక్క గది నుంచి హిందీ సార్ పరిగెత్తుకొచ్చారు. ఏతం బొమ్మ బోర్డు మీద గీశా. కాని ఏతం చూసిన పిల్ల ఒక్కర్తే ఉంది, అదీ వాళ్ళ తాత చెప్తే విన్నదట.

చివరి బెంచీ కుర్రాడు ఒకడు లేచి అడిగాడు: "టీచర్, తొక్కేది గాలి కదా, మరి దాన్ని ఆవిరి యంత్రం అనడమెందుకు? గాలి యంత్రం అనాలి." నాకు జవాబు దొరకలేదు. రేపు చెప్తానన్నా.

గనిపంపు · బుధవారం సాయంత్రం 6:52

ఆ పోరడు గనికి పనికొస్తడు. వానికి చెప్పు, అప్పట్ల ఎక్కువమంది దాన్ని ఆవిరి యంత్రం అనలే. "నిప్పు యంత్రం" అన్నరు. బయట నిలబడ్డోనికి కనబడేది మంట ఒక్కటే కద.

బడిగంట · బుధవారం రాత్రి 7:05

రేపు ప్రేయర్ అయ్యాక వాడికి మొదట ఇదే చెప్తా. ఇప్పుడు నా సమస్య వేరే. డబ్బా మా బడి వంటమ్మది. తిరిగిమ్మంటోంది.